డబ్బు కడితే అచ్చయ్యే వైద్య పరిశోధన: హైదరాబాద్ కంపెనీ కేసులో తేలిందేమిటి?

కనగానపల్లిలో షుగర్ ఉన్న మనిషి ధర్మవరానికో అనంతపురానికో వెళ్లి, డాక్టర్ రాసిన మందు తెచ్చుకుంటాడు. ఆ మందు పనిచేస్తుందని డాక్టర్‌కు ఎలా తెలుసు? ఎవరో రోగుల మీద పరీక్షించి, ఫలితాలను మెడికల్ జర్నల్‌లో రాశారు కాబట్టి. ఆ రాత అబద్ధమైతే చివరకు నష్టపోయేది ఈ రోగే.

అందుకే మంచి జర్నల్ వచ్చిన పేపర్‌ను వచ్చినట్టే వేసేయదు. అదే రంగం తెలిసిన ఇద్దరు ముగ్గురికి పంపి తప్పులు వెతికిస్తుంది. ఇదే పీర్ రివ్యూ. దీనికి నెలలు పడుతుంది. రోగుల అనుమతి తీసుకున్నారా, ఎథిక్స్ కమిటీ ఒప్పుకుందా, మందుల కంపెనీ డబ్బిచ్చిందా అన్నవి కూడా అడుగుతుంది. మన దేశంలో 2009 జూన్ 15 నుంచి క్లినికల్ ట్రయల్స్‌ను ముందే సీటీఆర్ఐలో నమోదు చేయడం తప్పనిసరి. ఫలితం నచ్చలేదని ట్రయల్‌నే దాచేయకుండా ఈ ఏర్పాటు.

ఈ పద్ధతి ఎక్కడ చెడుతుందో హైదరాబాద్‌కు చెందిన ఓమిక్స్ కేసులో బయటపడింది. వందలాది ఆన్‌లైన్ జర్నల్స్ నడిపే ఈ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016 ఆగస్టులో కేసు వేసింది. ఆన్‌లైన్ జర్నల్ రచయిత దగ్గర ఫీజు తీసుకోవడం తప్పేమీ కాదు, పేరున్న జర్నల్స్ కూడా తీసుకుంటాయి. ఇక్కడ ఆరోపణ వేరు. పేపర్ ఓకే అయ్యాకే వందల, వేల డాలర్ల ఫీజు సంగతి చెప్పేవారట. పీర్ రివ్యూ పేరుకే. ఒప్పుకోని శాస్త్రవేత్తల పేర్లను ఎడిటర్లుగా పెట్టారు. పబ్‌మెడ్, మెడ్‌లైన్‌లలో తమ జర్నల్స్ ఉన్నాయని చెప్పుకున్నారు. అన్నిటికన్నా ఇబ్బంది ఏమిటంటే, రచయిత పేపర్ వెనక్కి ఇమ్మన్నా ఇచ్చేవారు కాదు. ఒకే పేపర్‌ను రెండు చోట్ల వేయకూడదు కాబట్టి, ఏళ్ల శ్రమ అక్కడే ఇరుక్కుపోయేది.

సంస్థ ఆరోపణలను ఖండించింది. కానీ 2019 మార్చిలో నెవాడా ఫెడరల్ కోర్టు కమిషన్ వాదననే ఒప్పుకుని, 5.01 కోట్ల డాలర్లు కట్టాలని ఆదేశించింది. అప్పటి లెక్కన దాదాపు 345 కోట్ల రూపాయలు.

ఇలాంటి జర్నల్స్‌కు గిరాకీ ఎందుకంటే, మెడికల్ కాలేజీల్లో ప్రమోషన్‌కు పేపర్లు కావాలి. టైమ్ తక్కువ, పేషెంట్లు ఎక్కువ. పేపర్ పంపే ముందు ఆ జర్నల్ నిజంగా మెడ్‌లైన్‌లో ఉందో లేదో అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ కేటలాగ్‌లో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు.