సర్వీసు ఆగిపోయినా మన ఫొటోలు మిగలాలి

చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురా వైపు మన తెలుగు ఇళ్లలో పెళ్లి ఫొటోలు, ఉగాది, బతుకమ్మ వీడియోలు ఇప్పుడు బీరువాలోని ఆల్బమ్‌లలో కన్నా ఆన్‌లైన్‌లోనే ఎక్కువగా ఉంటున్నాయి. అక్కడ అవి శాశ్వతం అనుకోకూడదు.

ఫొటోలు సర్దుకోవడానికి ఎంతోమంది వాడిన పికాసాను గూగుల్ 2004లో కొన్నది. 2015లో గూగుల్ ఫొటోస్ తెచ్చి, మరుసటి ఏడాది పికాసాను ఆపేసింది. దూరదేశాల్లోని పిల్లల ముఖం చూపించిన స్కైప్‌ను మైక్రోసాఫ్ట్ 2011లో 850 కోట్ల డాలర్లకు కొన్నది. 2025 మే 5న దాన్ని మూసేసి, వాడేవారిని తమ టీమ్స్‌కు మారమన్నది.

కొన్నవాటిని ఎందుకు మూస్తారు? ఒకే పనికి రెండు సర్వీసులు నడిపితే ఖర్చు రెండింతలు. అందుకని ఒకటి ఉంచుకుని రెండోది ఆపుతారు. వాడుకునేది మనమే అయినా నిర్ణయం యజమానిది.

అందుకే కొన్ని జాగ్రత్తలు:

1. గూగుల్ ఫొటోస్‌లో ఉన్నవాటిని 'గూగుల్ టేకౌట్' ద్వారా దింపుకుని హార్డ్ డిస్క్‌లో పెట్టండి. మరో కాపీ వేరే ఇంట్లో ఉంచండి.

2. మూసివేత నోటీసు ఈమెయిల్‌కే వస్తుంది. పాత ఈమెయిల్‌ను అప్పుడప్పుడు తెరిచి చూడండి.

3. సంఘం ఖాతాల పాస్‌వర్డ్ ఒక్కరి దగ్గరే ఉండకూడదు. కార్యవర్గం మారినప్పుడు రిజిస్టర్లతో పాటు అదీ అప్పగించాలి.

ఈ పనులు ఇంట్లో చదువుకునే పిల్లలకు అప్పగిస్తే ఒక ఆదివారంలో అయిపోతాయి. పెద్దలు పక్కన కూర్చుని ఫొటోల్లో ఎవరెవరున్నారో చెప్పి రాయిస్తే ఇంకా మంచిది.