గుర్రాల కోసం వేసిన దారుల్లో

ఇంగ్లండులో నడకల పుస్తకాలు రాసేవాళ్ళు "ఈజీ" అంటే నమ్మకూడదు. తాడు పట్టుకోకుండా ఎక్కగలిగిందల్లా వాళ్ళకి ఈజీయే. మన ఇళ్ళకి వేసవిలో వచ్చే అమ్మానాన్నల లెక్క వేరు. ఎత్తులు తక్కువుండాలి, మధ్యలో కూర్చోడానికో బల్ల ఉండాలి, చివర్లో టీ, బాత్రూమ్ ఉండాలి. మోకాళ్ళ నొప్పుల వయసులో పదకొండు గంటలు విమానంలో కూర్చుని వచ్చి, పిల్లలు ఆఫీసులకి వెళ్ళాక పక్కింటి కంచె చూస్తూ గడిపే మనుషులు వాళ్ళు. శనాదివారాల్లో లండన్, స్టోన్‌హెంజ్, ఎడింబరో కోట కారులో తిప్పి చూపించేసి మన బాధ్యత తీరిందనుకుంటాం. వాళ్ళు నిజంగా నడవగలిగిన చోట్లు నాకు తెలిసినంతలో నార్త్ యార్క్ మూర్స్‌లో ఎక్కువ. దానికో కారణం ఉంది.

ముందు ఈ "మూర్" సంగతి. దీనికి తెలుగులో సరైన మాట దొరకదు. బీడు అందామంటే, బీడు ఒకప్పుడు దున్నిన నేల, మళ్ళీ దున్నగలిగే నేల. మూర్ అంటే గాలి కొట్టే ఎత్తైన మిట్ట. పుల్లటి నల్లమట్టి, చెట్టు లేదు, చేను లేదు, మోకాలెత్తున హెదర్ పొదలు కనుచూపు మేరంతా. ఏడాదిలో పది నెలలు గోధుమరంగులో నీరసంగా ఉండి, ఆగస్టు వచ్చేసరికి ఊదారంగు పూలతో ఒక్కసారిగా మారిపోతుంది. 1952లో నేషనల్ పార్కుగా ప్రకటించిన ఈ ప్రాంతం 1,400 చదరపు కిలోమీటర్ల పైచిలుకు.

చూడగానే మనిషి చెయ్యి పడని చోటనిపిస్తుంది. నిజానికి ఇక్కడ మనిషి చెయ్యి పడని జానెడు నేల లేదు. ఒకప్పుడు ఇదంతా అడవి. కంచుయుగం నాటి మనుషులు చెట్లు నరికి పశువుల్ని మేపారు, తమ పెద్దల్ని గుట్టల కింద పాతిపెట్టారు. ఆ గుట్టలు ఇప్పటికీ వెన్నుల మీద వరసగా కనిపిస్తాయి. ఆ తర్వాత మఠాల గొర్రెలు, ఆ తర్వాత గ్రౌస్ పక్షుల వేట కోసం హెదర్‌ని మడులు మడులుగా కాల్చే జమీందార్లు. చేపలూ ఉప్పూ గుర్రాల మీద మోసుకెళ్ళేవాళ్ళు బురదలో దిగబడకుండా ఒక్కొక్క బండ చొప్పున మైళ్ళకి మైళ్ళు పరిచిన దారుల్ని ఇక్కడ "ట్రాడ్‌లు" అంటారు. శతాబ్దాల కాళ్ళకి ఆ బండలు నడిమధ్య గిన్నెల్లా అరిగాయి. చివరగా రైళ్ళు వచ్చాయి. మన పెద్దవాళ్ళ మోకాళ్ళు ఋణపడింది ఈ రైళ్ళకే.

ఎందుకంటే రైలు ఏటవాలు ఎక్కలేదు. దానికోసం కొండని కోసి, లోయని పూడ్చి దారి చదును చేయాలి. పట్టాలు పీకేశాక మిగిలిన ఆ చదునే ఇప్పటి తేలిక నడక.

వీటిలో నాకు ఇష్టమైనది గోత్‌లాండ్ నుంచి గ్రోస్‌మంట్ దాకా వెళ్ళే మూడున్నర మైళ్ళ రైల్ ట్రైల్. విట్‌బీ రేవునీ పికెరింగ్ ఊరినీ కలుపుతూ జార్జ్ స్టీఫెన్సన్ వేసిన రైలుమార్గం 1836లో మొదలైంది. రైలంటే ఇంజనుండేది కాదు, పెట్టెల్ని గుర్రాలే లాగేవి. గుర్రం లాగలేని చోట, బెక్ హోల్ దగ్గర ఏటవాలు మీద, తాడు కట్టి లాగేవారు. 1864లో ఆ తాడు తెగి ఇద్దరు చనిపోయారు. మరుసటేడు ఆ వాలుని తప్పించి కొత్త లైను వేశారు. పాతది క్రమంగా కాలిబాటగా మిగిలింది. కాబట్టి పెద్దవాళ్ళతో వెళ్తే గోత్‌లాండ్‌లోనే మొదలుపెట్టండి. గుర్రాలు మొరాయించిన వాలుని మనం దిగుతూ వెళ్ళొచ్చు. అది మైలు కూడా ఉండదు, ఆపైన దారంతా దాదాపు సమతలం.

ఒక్క మాట ముందే చెప్పాలి. మూర్ గోత్‌లాండ్ చుట్టూ ఉంటుంది గానీ ఈ దారి మాత్రం లోయలోకి, చెట్ల నీడలోకి, ముర్క్ ఎస్క్ ఏటి పక్కకి దిగిపోతుంది. దారిలో బెక్ హోల్ అని పిడికెడు ఊరు. అక్కడి బర్చ్ హాల్ ఇన్‌లో గోడకున్న చిన్న కిటికీలోంచి సరుకు అందిస్తారు, అచ్చం మన ఊళ్ళో కిరాణా కొట్టులాగ. గ్రోస్‌మంట్ చేరాక అదే రైలు, 1865 నాటి కొత్త లైను మీద, పొగలు కక్కుకుంటూ మిమ్మల్ని వెనక్కి గోత్‌లాండ్ తీసుకెళ్తుంది. ప్రభుత్వం 1965లో మూసేసిన ఈ లైనుని ఉత్సాహవంతులు 1973లో మళ్ళీ నడిపించారు. పిల్లలు గోత్‌లాండ్ స్టేషన్‌ని చూసి కేకలు పెడితే కంగారు పడకండి, మొదటి హ్యారీ పాటర్ సినిమాలో హాగ్స్‌మీడ్ స్టేషన్ ఇదే.

కారు లేనివాళ్ళకి లీడ్స్, యార్క్, పికెరింగ్‌ల మీదుగా విట్‌బీ వెళ్ళే 840 నంబరు బస్సు ఉంది. దారిలో హోల్ ఆఫ్ హోర్కం అనే పెద్ద గిన్నెలాంటి లోయ కనిపిస్తుంది, వంద మీటర్లకు పైగా లోతు. ఊటనీళ్ళు వేల ఏళ్ళు కోయగా ఏర్పడిందని శాస్త్రజ్ఞులంటారు. వేడ్ అనే రాక్షసుడు పెళ్ళాంతో పోట్లాడి, ఆవిడ మీదికి విసరడానికి గుప్పెడు మట్టి తవ్వితే పడిన గొయ్యని ఊరివాళ్ళంటారు. మన భీముడి అడుగులూ సీతమ్మ పసుపుకుంకుమల గుట్టలూ చూస్తూ పెరిగినవాళ్ళకి ఏ కథ నచ్చుతుందో చెప్పక్కర్లేదు.

విట్‌బీలో అందరూ 199 మెట్లెక్కి మఠం శిథిలాల దగ్గరికి వెళ్తారు. మెట్లెక్కలేకపోతే పైదాకా రోడ్డుంది, నామోషీ ఏమీ లేదు. 657లో హిల్డ్ అనే ఆవిడ ఇక్కడ మఠం పెట్టి, మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ కలిపి పెద్దగా నిలబడింది. ఈస్టర్ ఏ రోజు జరుపుకోవాలో తేల్చిన 664 నాటి సభ ఇక్కడే జరిగింది. కుర్రకారు డ్రాక్యులా కోసం వస్తారు. బ్రామ్ స్టోకర్ 1890లో ఈ ఊళ్ళో దిగి, నవలలో దీన్ని వాడుకున్నాడు మరి.

నేను మాత్రం తీసుకెళ్ళినవాళ్ళకి చర్చి ఆవరణలో ఇరవై అడుగుల శిలువ చూపిస్తాను. అది కాడ్మన్ గుర్తుగా 1898లో నిలబెట్టింది. కాడ్మన్ ఈ మఠంలో పశువులు కాసేవాడు. విందుల్లో వీణలాంటి వాద్యం చేతులు మారుతూ తన దగ్గరికి వస్తోందంటే, పాట రాదని సిగ్గుపడి లేచి కొట్టంలోకి వెళ్ళిపోయేవాడట. ఒక రాత్రి కలలో ఎవరో "పాడు" అన్నారు, పాడాడు. ఎనిమిదో శతాబ్దంలో బీడ్ అనే సన్యాసి రాసిపెట్టిన కథ ఇది. పేరు తెలిసిన ఇంగ్లీషు కవుల్లో మొదటివాడు ఈయనే. "మహాకవి కాళిదాసు" సినిమా చూసిన తరానికి ఈ కథ సగం చెప్పగానే మిగతాది అర్థమైపోతుంది. ఒకావిడ శిలువకి దణ్ణం పెట్టి, "గొర్రెలు కాసేవాళ్ళ దగ్గరికే వస్తుంది సరస్వతి, చదువుకున్నవాళ్ళ దగ్గరికి రాదు" అన్నారు. నేనేమీ అనలేదు.

కిందికి దిగాక చేపలూ చిప్సూ తినడం ఆనవాయితీ. శాకాహారులకో హెచ్చరిక: యార్క్‌షైర్‌లో చాలా దుకాణాలు ఇప్పటికీ గొడ్డు కొవ్వులోనే వేయిస్తాయి. బంగాళాదుంపే కదా అనుకోకుండా, ఏ నూనె అని అడిగి కొనండి.

అసలు మూర్ మీదే నడవాలంటే బ్లేకీ రిడ్జ్‌కి వెళ్ళాలి, దానికి కారు ఉంటే మేలు. సముద్రమట్టానికి 1,300 అడుగుల ఎత్తున లయన్ ఇన్ అనే పాత సత్రం, దాని దగ్గర్లోనే రోజ్‌డేల్ రైలుకట్ట. 1861 నుంచి 1929 దాకా ఇనుపరాయి మోసిన లైను ఇది. కొండ నడుముకి మొలతాడు కట్టినట్టు, లోయ చుట్టూ ఒకే ఎత్తులో తిరుగుతుంది. అటూ ఇటూ హెదర్, పైన ఆకాశం. ఎక్కడ అలసిపోతే అక్కడ వెనక్కి తిరగొచ్చు, అదే దీని సుఖం. ఓపిక ఉన్నవాళ్ళు ముందుకెళ్తే, మోత బరువు తగ్గించడానికి రాయిని కాల్చిన బట్టీల కమానులు కనిపిస్తాయి. చలికాలం ఇక్కడ మంచు లైనుని మూసేసేది. ఆ గాలిలో పనిచేసినవాళ్ళకి ఈ దారి తేలిక అన్న మాట ఎలా వినిపించేదో.

హెల్మ్స్‌లీ నుంచి రీవో మఠానికి మూడున్నర మైళ్ళ నడక అందమైనదే, 1132లో మొదలైన ఆ మఠమూ చూడదగినదే. కానీ వెళ్ళిరావడం ఏడు మైళ్ళు, మధ్యలో దిగుడూ ఎగుడూ. పెద్దవాళ్ళని నేరుగా కారులో దించండి.

పొగమంచు సముద్రం మీంచి పది నిమిషాల్లో వచ్చేస్తుంది, ఎండ చూసి కోటు కారులో వదలొద్దు. హెదర్‌లో గోర్జీలలాంటి పురుగులుంటాయి, టిక్స్ అంటారు. ఇంటికెళ్ళాక కాళ్ళు చూసుకోవాలి. ఇంకొకటి, మన వాళ్ళకి గుంపుగా వెళ్ళినచోటల్లా బార్బిక్యూ పెట్టే అలవాటుంది. 2025 ఆగస్టులో లాంగ్‌డేల్ మూర్ అంటుకుని వారాల తరబడి కాలింది. పైన ఆరినట్టు కనిపించినా నిప్పు నల్లమట్టి లోపల పాకుతూ పోతుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో పేలకుండా మిగిలిన గుండ్లు ఆ వేడికి పేలుతుంటే ఆర్పేవాళ్ళు దగ్గరికి వెళ్ళలేకపోయారు. పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో పట్టుకెళ్ళండి. లయన్ ఇన్ దగ్గర గాలికి మూతలు ఎగిరిపోతాయి, గట్టిగా పట్టుకోండి.