మంచునేలలో నీటికి దారి

మంచుదేశాలలో తెల్లవారుజామున ఫజ్ర్ నమాజుకు బయలుదేరే వృద్ధునికి గుమ్మం దాటగానే ప్రమాదం ఎదురవుతుంది. పగలు కరిగిన మంచునీరు రాత్రికి బాటపై గడ్డకట్టి, కంటికి ఆనని గాజుపలకలా పరచుకుంటుంది. కాలు జారితే తుంటి విరగవచ్చు. అందుకే అక్కడ దారుల పొడవునా ఉప్పు చల్లుతారు. దారిలోని హానిని తొలగించడం విశ్వాసంలో ఒక భాగమని దైవప్రవక్త (స) బోధించారు గనుక ఆ పనిని తేలికగా చూడలేము. అయితే ఆ ఉప్పు కరిగి వాగులలోకీ, భూగర్భజలాలలోకీ చేరుతుంది. చేరిన తర్వాత దానిని వేరుచేయడం దాదాపు అసాధ్యం. బాటసారి క్షేమానికి దిగువనున్నవారి మంచినీటిని బలిపెట్టవలసిందేనా?

అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయం ఈ ప్రశ్నకు పనికివచ్చే పరీక్ష ఒకటి జరిపింది. 2004లో డర్హం పట్టణంలో వాహనాలు నిలిపే స్థలాన్ని నీరింకే తారుతో నిర్మించారు. సన్నని ఇసుక తగ్గించి కలిపిన ఆ తారులో ఖాళీలు మిగులుతాయి. వాననీరు వాటిగుండా దిగి, అడుగున పరచిన ఇసుక, కంకర పొరలలో నిలిచి మెల్లగా భూమిలోకి జారుతుంది.

ఖాళీలలోని నీరు గడ్డకట్టి తారును పైకెత్తివేస్తుందనే భయం సహజమే. అక్కడ ఏడాదిలో దాదాపు ఆరు నెలలు గడ్డకట్టే చలి. పరిశోధకులు నాలుగేళ్ళపాటు నెలనెలా కొలతలు తీశారు. గడ్డకట్టుదల 71 సెంటీమీటర్ల లోతు వరకు దిగినా తారు ఉబ్బలేదు. చలికాలంలోనూ నీరు గంటకు 1,000 సెంటీమీటర్లకు మించిన వేగంతో ఇంకింది. నీరు లోపల నిలిచిపోక దిగిపోవడమే దీనికి కారణం. ఎండకు కరిగిన నీరు కూడా పైన నిలవదు గనుక రాత్రికి గడ్డకట్టడానికి మిగిలేది స్వల్పమే. మామూలు తారుతో పోలిస్తే ఉప్పు వాడకాన్ని సుమారు నాలుగింట మూడు వంతులు తగ్గించినా దారి అంతే సురక్షితంగా ఉన్నట్లు తేలింది.

అలాగని ఉప్పు అక్కరే లేదనుకోరాదు. చక్రాల కింద నలిగి బిగిసిన మంచుకు అది కావలసిందే. పట్టు కోసం ఇసుక చల్లడం మాత్రం ఇక్కడ పనికిరాదు, రంధ్రాలు పూడిపోతాయి. దుమ్మును యంత్రంతో పీల్చి శుభ్రం చేస్తూ ఉండాలి. అన్నిటికంటే ముఖ్యమైన పరిమితి మరొకటి ఉంది. ఈ పొరలు మట్టినీ నూనె మరకలనూ పట్టి ఉంచుతాయి గాని కరిగిన ఉప్పును ఆపలేవు. ఉప్పులారీ నడిపేవాడు అలవాటుకొద్దీ పక్కవీధిలో చల్లినంతే ఇక్కడా చల్లితే అదంతా నేరుగా భూగర్భంలోకే దిగుతుంది.