ఎండ్రకాయకు ఏ దెబ్బ, రొయ్యకు ఏ దెబ్బ

మైపాడు పక్కన రొయ్యల గుంటల మధ్య పెరిగినవాణ్ణి. పోకెమాన్ ఆట చేతికొస్తే ముందు ఎండ్రకాయనూ రొయ్యనూ పట్టకుండా ఉంటానా? ఎండ్రకాయ పేరు కింగ్లర్, రొయ్య పేరు క్లావిట్జర్. "రెండూ నీటి జాతే గదా చిన్నాయనా, ఏ నీటి దెబ్బ నేర్పితే ఏముంది?" అంటాడు మా అన్న కొడుకు. వాడు ఓడేది అక్కడే.

ప్రతి జీవికీ నాలుగే దెబ్బలు నేర్పగలం. దాడి బలం మాత్రం రెండు రకాలు: ఒంటి సత్తువతో కొట్టే ఫిజికల్, నీటిధారో నిప్పో వదిలే స్పెషల్. కింగ్లర్‌కు ఫిజికల్ 130, స్పెషల్ 50. క్లావిట్జర్‌కు 73, 120. ఇక దెబ్బలు చూడండి. సర్ఫ్ బలం 90, అది స్పెషల్. క్రాబ్‌హామర్ బలం 100, అది ఫిజికల్. తేడా పదే అనిపిస్తుంది. కింగ్లర్ బలంతో హెచ్చవేస్తే సర్ఫ్‌కు 4,500, క్రాబ్‌హామర్‌కు 13,000! ఆట వేసే అసలు లెక్క ఇంకా పొడుగు గానీ, బేరం తేలేది ఇక్కడే. క్రాబ్‌హామర్ పదింట ఒకసారి గురి తప్పుతుంది. తప్పితే తప్పనీ.

పాపం, కింగ్లర్‌కు పదేళ్లు అన్యాయం జరిగింది. 1996లో ఆట మొదలైనప్పుడు ఫిజికలా స్పెషలా అన్నది జాతిని బట్టి తేల్చేవారు. నీటి దెబ్బలన్నీ స్పెషలే. అంత పెద్ద కాలితో మోదినా లెక్కలోకి వచ్చేది ఆ బక్క 50. 2006లో డైమండ్, పెర్ల్ ఆటలు వచ్చాకే ఏ దెబ్బకు ఆ దెబ్బ విడిగా నిర్ణయించారు.

రొయ్య 2013లో ఎక్స్, వై ఆటలతో వచ్చింది. దానికి మెగా లాంచర్ అనే గుణం ఉంది. పల్స్ దెబ్బలకు అది ఒకటిన్నర రెట్లు బలమిస్తుంది. వాటర్ పల్స్ బలం 60 అని చూసి చాలామంది పక్కన పెడతారు. మెగా లాంచర్‌తో అది 90. సొంత జాతి దెబ్బకు ఎవరికైనా దక్కే మరో ఒకటిన్నర రెట్లు కలిస్తే 135. హైడ్రో పంప్ 110 నుంచి 165కు పోతుంది గానీ అయిదింట ఒకటి గురి తప్పుతుంది, సగటున 132. నా ఓటు పల్స్‌కే. డ్రాగన్ జాతి మీద నీటి దెబ్బ సగమే పారుతుంది కాబట్టి పక్కనే డ్రాగన్ పల్స్ ఉంచుతాను.

పులికాట్‌లో దిగే ఫ్లెమింగోల పోలికతో 2022లో స్కార్లెట్, వయొలెట్ ఆటల్లో ఫ్లామిగో వచ్చింది. ఫిజికల్ 115, స్పెషల్ 75. అది ఎయిర్ స్లాష్ నేర్చుకుంటానంటే ఒప్పుకోకండి, అది స్పెషల్. బ్రేవ్ బర్డ్, క్లోజ్ కాంబాట్ నేర్పండి. రెండూ దాని సొంత జాతివే, రెండింటి బలమూ 120. కాకుంటే బ్రేవ్ బర్డ్ కొట్టిన ప్రతిసారీ ఎదుటివాడికి తగిలినదాంట్లో మూడో వంతు దెబ్బ ఫ్లామిగోకూ తగులుతుంది, చూసుకుని వాడండి.