ముగ్గురిలో ఏ ఇద్దరైనా

మన ఊళ్లలో రక్తదాతల సంఘాలు చాలా వరకు జీతం తీసుకోని మనుషుల మీదే నడుస్తాయి. ఆస్పత్రి నుంచి ఫోను రాగానే అడిగిన గ్రూపు రక్తం ఎవరిదో, వాళ్లు ఏ పేటలో ఉంటారో, చివరిసారి ఎప్పుడిచ్చారో వెతికి చెప్పాలి. ఒకసారి రక్తమిచ్చాక మగవాళ్లు 90 రోజులు, ఆడవాళ్లు 120 రోజులు ఆగాలన్నది మన దేశంలో నిబంధన. అందుకే జాబితాలో తేదీలు ఎప్పటికప్పుడు సరిచేస్తూ ఉండాలి. ఆ జాబితా గూగుల్ డ్రైవ్‌లో ఒక షీటు. దానికొక జీమెయిల్ ఖాతా, పక్కనే ఒక ఫేస్‌బుక్ పేజీ, విరాళాల లెక్కల ఫైలు. చాలాచోట్ల వీటన్నింటికీ ఒకటే పాస్‌వర్డ్. అది వాట్సాప్ గ్రూపులో ఎప్పుడో ఎవరో పెట్టిన మెసేజీలో ఉంటుంది.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలియనిది కాదు. అర్ధరాత్రి ఎవరి ప్రాణమో మీదికొచ్చినప్పుడు, మేలుకొని ఉన్న సభ్యుడు ఎవరైనా సరే జాబితా తెరవగలగాలి. ఆ వేగాన్ని దెబ్బతీసే భద్రతా సలహా ఏదీ ఇలాంటి సంఘాలకు పనికిరాదు. అయితే వేగం తగ్గకుండానే రహస్యాన్ని కాపాడే పద్ధతులు గూఢలిపి శాస్త్రం ఎప్పుడో కనిపెట్టింది. అవి బ్యాంకులకూ పెద్ద కంపెనీలకూ మాత్రమే అనుకుని మనం వాటి జోలికి పోవడం లేదు.

రహస్యాన్ని ఒకరికి చెప్పగలం గానీ, వాళ్ల మనసులోంచి తిరిగి తీసుకోలేం. కనుక ఒక పాస్‌వర్డ్ తెలిసినవాళ్ల సంఖ్య పెరుగుతూ పోవడమే తప్ప తగ్గదు. సేవా సంఘాల్లో మనుషులు మాత్రం వస్తూ పోతూ ఉంటారు. ఒకరికి బెంగళూరులో ఉద్యోగం వస్తుంది, ఒకరికి పెళ్లవుతుంది, ఒకరు మాటపట్టింపుతో మానేస్తారు. వాళ్లంతా మంచివాళ్లే కావచ్చు. కానీ వాళ్ల పాత ఫోను ఎక్కడ అమ్ముడుపోయిందో, అందులో ఏముందో వాళ్లకే గుర్తుండదు. నా దృష్టిలో ఇలాంటి సంఘానికి అసలు ప్రమాదం బయటి హ్యాకర్ల కంటే ఈ రాకపోకల్లోనే ఎక్కువ.

కంప్యూటర్లోకి పాస్‌వర్డ్ వచ్చిందే మనుషుల్ని వేరు చేయడానికి. 1960ల మొదట్లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కోర్బటో బృందం ఒకే యంత్రాన్ని చాలామంది ఏకకాలంలో వాడుకునే సీటీఎస్‌ఎస్ అనే వ్యవస్థను తయారు చేసింది. యంత్రం ఒకటే, ఫైళ్లు మాత్రం ఎవరివి వాళ్లకే ఉండాలి. అందుకే మనిషికో పాస్‌వర్డ్ ఇచ్చారు. పదిమందీ ఒకే పాస్‌వర్డ్ వాడితే ఆ వ్యవస్థ ఉద్దేశమే తలకిందులవుతుంది. జాబితాలో ఒక వరుస చెరిగిపోయిందనుకోండి, ఎవరి చెయ్యి తగిలిందో షీటు మార్పుల చరిత్రలో కనిపించదు. అన్నీ ఒకే పేరు మీద ఉంటాయి.

కాబట్టి మొదటి పని, పాస్‌వర్డ్ చెప్పకుండా అధికారం ఇవ్వడం. డ్రైవ్‌లోని షీటును ఒక్కొక్క సభ్యుడి సొంత ఈమెయిల్‌కు ఇవ్వవచ్చు, చూడటానికి మాత్రమేనా, దిద్దడానికి కూడానా అన్నది విడిగా నిర్ణయించవచ్చు. ఫేస్‌బుక్ పేజీని ఎవరి ఖాతాతో వాళ్లు నడపవచ్చు. జీమెయిల్ ఖాతా పాస్‌వర్డ్ చెప్పకుండానే మరొకరికి ఉత్తరాలు చదివే, జవాబిచ్చే అనుమతి ఇవ్వవచ్చు. మనిషి వెళ్లిపోయిన రోజు ఆ ఒక్క పేరు తీసేస్తే చాలు, మిగతావాళ్లెవరూ ఏమీ మార్చుకోనక్కర్లేదు.

ఒకే ఖాతా తప్ప వేరే దారి ఇవ్వని సేవలు కూడా ఉంటాయి. అక్కడ పాస్‌వర్డ్‌లను తాళం వేసి దాచే పాస్‌వర్డ్ మేనేజర్ కావాలి. బిట్‌వార్డెన్ లాంటి వాటిలో ఉమ్మడి ఖజానా పనితీరు ముచ్చటైనది. ఖజానాకు ఒక ఉమ్మడి కీ ఉంటుంది. ప్రతి సభ్యుడికీ రెండేసి కీలు ఉంటాయి, అందరికీ ఇవ్వగలిగే పబ్లిక్ కీ ఒకటి, తన దగ్గరే ఉంచుకునే ప్రైవేట్ కీ ఇంకొకటి. ఒక కీతో మూసినదాన్ని దాని జంటతోనే తెరవాలన్న ఈ ఆలోచనను 1976లో డిఫీ, హెల్‌మన్ లోకానికి చెప్పారు. కొత్త సభ్యురాలు చేరగానే ఖజానా కీని ఆమె పబ్లిక్ కీతో మూసి పంపుతారు. అది ఆమె ప్రైవేట్ కీకే తెరుచుకుంటుంది. మధ్యలో ఉన్న సర్వరు చేతిలో ఉండేదంతా మూసిన మూటలే. ఆ ప్రైవేట్ కీకి కాపలా ఆమె మాస్టర్ పాస్‌వర్డ్. దాన్ని లక్షలసార్లు తిప్పి తిప్పి గణించి కీగా మారుస్తారు. మనకు ఒకసారి కాబట్టి ఆ ఆలస్యం తెలియదు. కోట్ల ఊహలు ప్రయత్నించే దొంగకు మాత్రం ప్రతి ఊహకూ అంత శ్రమ పడుతుంది.

సభ్యుణ్ణి తొలగించినా, అతను అప్పటికే చూసిన పాస్‌వర్డ్ అతనికి తెలిసినట్టే లెక్క. ఖజానా ఉన్నా ఆ పాస్‌వర్డ్‌లు మార్చాల్సిందే. ఏవేవి మార్చాలో జాబితా చేతిలో ఉండటం వల్ల అది గంట పని అవుతుంది.

మాస్టర్ పాస్‌వర్డ్ విషయంలో 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ చెప్పిన పాచికల పద్ధతి నాకు నచ్చుతుంది. ఐదు పాచికలు వేస్తే 7,776 రకాల ఫలితాలు. అన్నే పదాలున్న జాబితాలోంచి ఒక పదం. ఇలా ఆరు పదాలు వరసగా తీస్తే సాధ్యమయ్యే కలయికలు దాదాపు 2 పక్కన 23 సున్నాలు పెట్టినన్ని. పదాలు మనం ఎంచుకుంటే ఈ లెక్క చెల్లదు. ఊరి పేరు, కొడుకు పేరు, ఇష్టదైవం పేరు దగ్గరే మన మనసు తిరుగుతుంది.

ఓటీపీ మరో చిక్కు. సంఘం ఖాతాకు వ్యవస్థాపకుడి ఫోను నంబరు ఇస్తారు. ఆయన అమెరికా వెళ్తాడు, ఆ సిమ్ములో డబ్బు వేయడం మానేస్తాడు. రద్దయిన నంబరును మన టెలికాం సంస్థలు 90 రోజులు ఆగి కొత్తవాళ్లకు ఇచ్చేయవచ్చు. అప్పుడు సంఘం ఓటీపీలు ముక్కూ మొహం తెలియని మనిషికి వెళ్తాయి. దీనికంటే ఆథెంటికేటర్ యాప్ మేలు. మొదటిసారి స్కాన్ చేసే క్యూఆర్ కోడ్‌లో ఒక రహస్య సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యనూ గడియారంలోని సమయాన్నీ కలిపి సర్వరూ మన ఫోనూ ఎవరికి వారు ఒకే లెక్క కడతాయి, 30 సెకన్లకొకసారి ఆరంకెలు మారతాయి. సిమ్ముతో, సిగ్నల్‌తో పనిలేదు. ఇద్దరు బాధ్యులు ఒకేసారి స్కాన్ చేసుకుంటే ఇద్దరి ఫోన్లలోనూ అవే అంకెలు వస్తాయి.

ఫైళ్ల దగ్గర జరిగే పెద్ద పొరపాటు ‘లింకు ఉన్న ఎవరైనా’ అన్న ఎంపిక. అలా ఇచ్చిన లింకే ఒక పాస్‌వర్డ్, చేతులు మారుతూ పోయే పాస్‌వర్డ్. వాట్సాప్ మెసేజీలను 2016 నుంచి దారిలో ఎవరూ చదవలేరన్నది నిజమే. అందుకున్న ప్రతి ఫోనులోనూ అవి విప్పిన రూపంలోనే ఉంటాయన్నదీ అంతే నిజం. ఇక ఆధార్ కాపీల వంటివి అసలు అడగకపోవడమే ఉత్తమం. తప్పనిసరైతే చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలు. దించుకున్న నకలును ఏ సాంకేతికతా వెనక్కి తేలేదు.

ఇంతా చేశాక ఒక ప్రశ్న మిగులుతుంది. అన్నింటికీ మూలమైన ఆ ఒక్క రహస్యం, అంటే ఖజానాను నడిపే ఖాతా మాస్టర్ పాస్‌వర్డ్, ఎవరి దగ్గర ఉండాలి? ఒక్కరి దగ్గరే ఉంటే, ఆ మనిషికి ఏదైనా జరిగితే సంఘం చేతులు కట్టేసినట్టే. అందరి దగ్గరా ఉంటే మొదటికే వచ్చాం. సంఘాల బ్యాంకు ఖాతాల్లో దీనికి జవాబు ఉంది. చెక్కు మీద అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ముగ్గురిలో ఏ ఇద్దరైనా సంతకం పెట్టాలి. రహస్యాన్నే అలా పంచగలమా?

పాస్‌వర్డ్‌ను ముక్కలుగా కోస్తే కుదరదు. సగం తెలిసినవాడికి ఊహించాల్సింది సగమే మిగులుతుంది, ఒక ముక్క పోతే మొత్తం పోతుంది. 1979లో ఆడీ షమీర్, ఆయనతో సంబంధం లేకుండా జార్జ్ బ్లేక్లీ దారులు చూపారు. షమీర్ తన పత్రాన్ని ఒక పాత చిక్కుముడితో మొదలుపెట్టాడు. పదకొండు మంది శాస్త్రవేత్తలు, వాళ్లలో ఏ ఆరుగురు కలిసినా బీరువా తెరుచుకోవాలి, ఐదుగురికి తెరుచుకోకూడదు. తాళాలతో చేయాలంటే 462 తాళాలు, ఒక్కొక్కరి దగ్గర 252 తాళంచెవులు కావాలి. షమీర్ తాళాలన్నీ వదిలేసి బడిలో నేర్చుకునే సరళరేఖను తీసుకున్నాడు.

రహస్యం 7 అనుకుందాం. 7తో మొదలయ్యే ఒక గీత గీయాలి. అది అడుగుకు ఎంత పైకి లేవాలో యాదృచ్ఛికంగా ఎంచుకుంటాం, 3 అనుకోండి. మొదటి అడుగులో గీత ఎత్తు 10, రెండో అడుగులో 13, మూడో అడుగులో 16. అధ్యక్షుడికి 10, కార్యదర్శికి 13, కోశాధికారికి 16 ఇచ్చి, 7నూ 3నూ చెరిపేస్తాం. అధ్యక్షుడూ కోశాధికారీ కలిస్తే రెండడుగుల్లో 6 పెరిగిందని, అంటే అడుగుకు 3 అని తెలుస్తుంది. 10 నుంచి ఒకడుగు వెనక్కి వేస్తే 7. అదే అధ్యక్షుడు ఒక్కడే ఉంటే, ఒక బిందువు గుండా ఎన్ని గీతలైనా పోతాయి. రహస్యం 7 కావచ్చు, 2 కావచ్చు, 9 కావచ్చు. నిజమైన పద్ధతిలో ఈ లెక్కలను ఒక పెద్ద ప్రధానసంఖ్యతో భాగించి వచ్చే శేషాలతో చేస్తారు. అప్పుడు ఒక్క ముక్క చేతిలో ఉన్నవాడికి రహస్యం గురించి రవ్వంత కూడా తెలియదు. ఎంత శక్తిమంతమైన కంప్యూటరు తెచ్చినా అంతే, ఎందుకంటే ఆ సమాచారం ఆ ముక్కలో లేనే లేదు. ముగ్గురు కలవాలంటే గీత బదులు పరావలయం వాడతారు.

ఈ రకమైన పంపకం మీద ఇంటర్నెట్టే ఆధారపడింది. వెబ్ చిరునామాలు నకిలీవి కాకుండా చూసే డీఎన్ఎస్‌సెక్ వ్యవస్థకు మూలమైన కీని 2010లో అమల్లోకి తెచ్చారు. ఆ కీ వాడే సందర్భానికి సాక్షులుగా వివిధ దేశాల నుంచి జీతం లేని స్వచ్ఛంద సేవకుల్ని ఎంచుకున్నారు. అమెరికాలో రెండు కేంద్రాలు, ఒక్కో కేంద్రానికి ఏడుగురు. వాళ్లలో కనీసం ముగ్గురు వస్తేనే పని సాగుతుంది. అంతా పోయినా తిరిగి నిలబెట్టడానికి ఇంకో ఏడుగురి దగ్గర ముక్కలు ఉంటాయి, అందులో ఐదు కలవాలి. ఈ తంతును అందరూ చూసేలా ప్రసారం చేస్తారు. 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియా కేంద్రంలో ఇనప్పెట్టె తాళం మొరాయించడంతో ఆ తంతు కొన్ని రోజులు ఆగింది. గణితంలో లోపమేమీ లేదు. లోపం ఇనుములో వచ్చింది.

మన సంఘాల్లో ఆ లోపం కాగితంలో రావచ్చు. ముక్కను ఫోనులో ఫొటోగా కాకుండా కాగితం మీద రాసి, ఇంట్లో దస్తావేజులు దాచే చోట ఉంచుకోవడం మంచిది. అయినా కాగితాన్ని చెదలు తినవచ్చు, ఇల్లు మారినప్పుడు అది పోవచ్చు. అందుకే ఏటా సర్వసభ్య సమావేశంలో లెక్కలు చదివేటప్పుడే ఏ ఇద్దరో తమ ముక్కలు తెచ్చి ఖజానా తెరిచి చూడాలి. తెరుచుకున్నాక పాత రహస్యాన్ని రద్దుచేసి, కొత్త గీత గీసి, కొత్త కార్యవర్గానికి కొత్త ముక్కలు పంచాలి. పాత బాధ్యుల చేతుల్లోని అంకెలు ఆ రోజుతో వట్టి అంకెలైపోతాయి.