కైరోయాత్ర - మా సన్నాహములు

యాత్ర యనగానే మన యిండ్లలో కాశీ రామేశ్వరములే తలపునకు వచ్చును. సముద్రమున కావలనున్న ప్రాచీన నగరమును చూచి రావలెనని గృహిణులు తలచుట కొందరికి వింతగా తోచవచ్చును. బొల్లారములోని మా వీధివారము అయిదుగురము మూడేండ్లుగా చీటి కట్టి కొంత సొమ్ము కూడబెట్టితిమి. దానితో మార్గశిరమాసమున ఈజిప్టుదేశపు కైరో నగరమునకు పోవ సంకల్పించితిమి. మా సన్నాహము మీకును ఉపకరించునని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆ సొమ్ముతో బంగారము కొనరాదా యని పెద్దలు మందలించిరి. వారి మాట త్రోసివేయదగినది కాదు. కర్మాగారముల జీతములపై నడచు మా యూరి సంసారములకు, బడిపంతులు జీతముపై నడచు మా సంసారమునకును, ఆపత్తునకు దాచుకొన్నదే అండ. కావున ఒక కట్టుబాటు చేసికొంటిమి. బిడ్డల చదువునకును వైద్యమునకును ఉంచినది ముట్టరాదు, అప్పు చేయరాదు, చాలనియెడల మరియొక యేడు ఆగవలెను. బంగారము కష్టకాలమున తాకట్టునకు పనికివచ్చును. చూచివచ్చిన దేశము బిడ్డలకు చెప్పుటకు పనికివచ్చును. రెండును కావలసినవే. ఏది ముందో ఎవరి యింటివారు వారే నిర్ణయించుకొనవలెను.

ఈ యాత్రకు తొలి మజిలీ విమానాశ్రయము కాదు, హైదరాబాదు నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులోని ప్రదర్శనశాల. అచట ఈజిప్టునుండి వచ్చిన స్త్రీదేహ మొకటి, మమ్మీ యనబడునది, కలదు. ఆమెను నైషు అను రాజపుత్రికగా చెప్పుదురు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను అల్లుడగు నజీర్ నవాజ్ జంగు దానిని కొనితెచ్చి ఉస్మాన్ అలీఖానునకు బహూకరింపగా, ఆయన 1930లో ప్రదర్శనశాల కొసగెను. ఆ గాజుపెట్టె చెంత నిలిచినపుడు మాలో నొకామె, "ఈమెను కన్నతల్లి ఎవరో కదా!" యనెను. అప్పటినుండి మాకది వింతవస్తువుగా తోచుట మానినది. ఆ దేశపు పూర్వులు దేహమును నేట్రాన్ అను లవణములో ఇంచుమించు 40 దినములు ఆరబెట్టి, నారబట్టలు చుట్టి భద్రపరచిరి. దేహము నిలిచిననే పరలోకమున జీవుడు నిలుచునని వారి నమ్మకము. మనము దేహమును అగ్నికి అప్పగింతుము, వారు దాచుకొనిరి. రెండింటికిని మూలము ప్రేమయే.

కైరోలో నాలుగు దినములు ఉండ తలచితిమి. మొదటి దినము ఫుస్తాతు. 641 ప్రాంతమున అరబ్బులు నెలకొల్పిన రాజధాని యిది. అచటి నాగరికతా ప్రదర్శనశాలకు 2021 ఏప్రిల్ 3న 22 రాజదేహములను ఊరేగింపుగా తరలించిరి. వారిలో నలుగురు రాణులు; ఫారోగా రాజ్యమేలిన హత్షెప్సూతు అందొకతె. రెండవ దినము 969లో ఫాతిమీ వంశీయులు పునాది వేసిన పాతపట్టణము. 972లో ప్రార్థనలకు తెరువబడిన అల్ అజ్‌హర్ మసీదు, 1092 నాటి బాబ్ జువేలా కోటద్వారము ఇచటివే. 1250లో షజరుద్దుర్ అను స్త్రీ ఈ నగరమున కొలదికాలము సుల్తానుగా ఏలెను. ఓరుగల్లున మన రుద్రమదేవి సింహాసన మెక్కుటకు ఇది పదియేండ్లకు కొంచె మించుమించుగా ముందు. ఇంత దూరపు రెండు నగరములలో ఒకే తరమున స్త్రీలు రాజదండము పట్టిరని మన బాలికలకు చెప్పవలదా?

మూడవ దినము గీజా. ఖుఫూ రాజు పిరమిడు 4,500 ఏండ్ల నాటిది. కట్టినపుడు దాని యెత్తు సుమారు 146 మీటర్లు. 2025 నవంబరులో తెరచిన మహాప్రదర్శనశాల దాని సమీపముననే కలదు. నాలుగవ దినము ఖాన్ అల్ ఖలీలీ బజారు. అచట బేరమాడుట మనకెవ్వరును నేర్ప నక్కరలేదు!

శాకాహారులు భయపడవలదు. బియ్యము, పప్పు, సెనగలు, మాకరోనీ కలిపి, వేయించిన ఉల్లిపాయలు చల్లి పెట్టు కొషరీ మన కిచిడీకి చుట్టమే. చిక్కుడుజాతి గింజలు రుబ్బి వేయించు తామియా మన గారెలను తలపించును. సీసానీరే త్రాగవలెను. మసీదులో పాదరక్షలు విడిచి, తలపై కొంగు కప్పుకొనవలెను; శాలువ యొకటి చాలును. ఎండ తగ్గిన నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు అనువైన కాలము. వసంతమున ఖమ్సీనను ఇసుకగాలి వీచును. పాస్‌పోర్టునకు ఆరు మాసములకు పైగా గడువుండునట్లు చూచుకొని, వీసా సంగతి తేలిన పిదపనే విమానపు టిక్కెట్టు కొనుట క్షేమము.

ఏ యింటనైన ఆపద వచ్చిన, ఆ యింటివారి వాటా వెంటనే తిరిగి యిచ్చివేయుటకు మాలో మాకు ఒడంబడిక కలదు. అందువలన పోవుదుమో, ఆగుదుమో దైవాధీనము. కాని సన్నాహమే మాకు సగము యాత్రయైనది. సాయంకాలములందు దేశపటము ముందర పరచుకొని, బిడ్డలతో నైలునది వెంట వ్రేలు నడపుచున్నాము. సోదరీమణులు కైరో పోలేకున్నను, ఒక పూట తీరిక చేసికొని, బిడ్డలతో నాంపల్లి ప్రదర్శనశాలకైన పోయి రావలెనని మా మనవి.