మందు, మూషికం, మతిమరుపు

మూషికం అంటే మనకి వినాయకుడి వాహనం. మందుల పరిశోధకులకి మాత్రం మనకంటే ముందు మందు మింగి చూపించే జీవి. "ఎలుకల్లో మతిమరుపు పోగొట్టిన కొత్త మందు" అన్న వార్త కనబడగానే ఇండియాలో ఉన్న అమ్మానాన్నలు గుర్తొచ్చి, దాన్ని పదిమందికీ పంపిస్తాం. నేను డాక్టర్ని కాను, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. అయినా ఆ వార్తని ఎలా చదవాలో తెలిస్తే అందరికీ పనికొస్తుందనిపించి, చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ఇంతకీ చిట్టెలుకకి ఏం గుర్తుందో ఎలా తెలుస్తుంది? బ్రిటన్ శాస్త్రవేత్త రిచర్డ్ మోరిస్ 1980ల మొదట్లో రూపొందించిన నీటితొట్టి పరీక్ష ఇందుకు బాగా ప్రసిద్ధి. గుండ్రటి తొట్టిలో నీళ్ళు పోసి, లోపల ఏముందో కనబడకుండా రంగు కలుపుతారు. నీటిమట్టానికి కాస్త కింద చిన్న పీట పెడతారు. ఎలుక ఈదుతుంది కానీ, నీళ్ళంటే దానికి ఇష్టం ఉండదు. నాలుగైదు రోజులు వదిలితే గోడల మీది గుర్తులు చూసుకుని నేరుగా పీట దగ్గరికి వెళ్ళడం నేర్చుకుంటుంది. తర్వాత పీట తీసేస్తారు. పీట ఉండే వైపే ఎక్కువసేపు వెతికిందంటే దానికి గుర్తున్నట్టే.

ఇక మందు సంగతి. స్కోపాలమిన్ ఇస్తే మామూలు ఎలుక కూడా దారి తప్పుతుంది. జ్ఞాపకానికి అవసరమైన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం మెదడు కణాల మీద పనిచెయ్యకుండా ఈ మందు అడ్డుపడుతుంది. డోనెపెజిల్ దీనికి వ్యతిరేకం. ఆ రసాయనం త్వరగా విరిగిపోకుండా కాపాడుతుంది. 1996లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు అల్జీమర్స్ రోగులకి కొంతకాలం కొంత ఊరటనిస్తుంది, జబ్బుని మాత్రం ఆపలేదు.

ఇక్కడో చిక్కుంది. మందు మత్తుకి ఎలుక నెమ్మదిగా ఈదినా మరిచిపోయినట్టే కనిపిస్తుంది. అందుకే ఈత వేగం విడిగా కొలుస్తారు. పీట కనబడేలా పెట్టి కూడా పరీక్షిస్తారు. మందు లేని ఎలుకల గుంపుతో పోలుస్తారు.

ఇవన్నీ సరిగ్గా చేసినా మనుషుల దగ్గర ఫలితం తారుమారు కావచ్చు. ఉదాహరణ మన మెల్‌బోర్న్‌లోనే ఉంది. ఇక్కడి శాస్త్రవేత్తలు పరీక్షించిన పీబీటీ2 అనే మందు, అల్జీమర్స్ లాంటి మార్పులు వచ్చేలా జన్యువులు మార్చిన ఎలుకల్లో కొద్దిరోజుల్లోనే జ్ఞాపకశక్తిని బాగుచేసిందని 2008లో ప్రకటించారు. అందరిలో ఆశలు రేగాయి. తర్వాత ఆస్ట్రేలియాలో 42 మంది రోగులకి ఏడాదిపాటు ఇచ్చి చూశారు. 2014లో వచ్చిన ఫలితాల్లో ఆ మందు అనుకున్న లక్ష్యం చేరలేదు. ఎలుక రెండుమూడేళ్ళు బతికే జీవి. దానికి మనం తెచ్చిపెట్టిన జబ్బు, మనిషికి ఇరవై ముప్ఫై ఏళ్ళపాటు లోలోపల ముదిరే జబ్బుతో సమానం కాదు.

అలాగని ఎలుకల పాఠం వృథా కాదు. స్కోపాలమిన్ కథ మన ఇళ్ళకి నేరుగా వర్తిస్తుంది. వసంతం వస్తే మన క్రెయిగీబర్న్‌లో గడ్డి పుప్పొడికి తుమ్ములు మొదలవుతాయి. చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలకి అలర్జీ మాత్ర ఇస్తాం. డైఫెన్‌హైడ్రమిన్, ప్రోమెథజిన్, క్లోర్‌ఫెనిరమిన్ లాంటి పాతతరం మందులు నిద్రమత్తుతో పాటు ఎసిటైల్‌కోలిన్‌కీ అడ్డుపడతాయి. మూత్రం ఆపుకోలేని సమస్యకి వాడే ఆక్సీబ్యుటినిన్ కూడా అంతే. పెద్దవాళ్ళలో ఇవి తికమక, మతిమరుపు తేవచ్చు. దాన్ని "వయసు" అని మనం సరిపెట్టుకునే ప్రమాదం ఉంది.

కాబట్టి జ్ఞాపకశక్తి పెంచే మాత్ర కోసం వెతికే ముందు, ఇప్పటికే వేసుకుంటున్నవి ఏమిటో చూద్దాం. ఇండియా నుంచి తెచ్చుకున్నవాటితో సహా మందులన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరుకో ఫార్మసిస్టుకో చూపించండి. ఏదీ సొంతంగా ఆపెయ్యకండి. ఎలుకల వార్త ఈసారి వస్తే మాత్రం "మనుషుల్లో చూశారా?" అని ఒక్క ప్రశ్న వేసుకుని, ఆ తర్వాతే అమ్మకి ఫోన్ చెయ్యండి.